ఆ మేన్ తగ్గించు, పాపా

పోయిన నెల కర్నూలులో ఒక బడికి వెళ్లాను. ఒకప్పుడు నా క్లాసులో వెనక బెంచీలో కూర్చుని పెన్సిలు కొరుకుతూ ఉండే శాంతి ఇప్పుడు అక్కడ టీచరు. "పిల్లలకు ఒక మంచి కథ చెప్పి పోండి మేడమ్" అంది. కథ అనే మాటకు నేను ఎప్పుడూ కాదనలేను గనక పొద్దున్నే బస్సెక్కాను. తరగతి గది చూసి కాస్త కంగారు పడ్డాను. నల్లబల్ల లేదు. గోడకు పెద్ద తెర, నాలుగు మూలలా నాలుగు స్పీకర్లు, టీచరు బల్ల మీద అరచేతంత పెట్టె. శాంతి నా చీర కొంగుకు చిన్న మైకు గుచ్చి, వెనక సన్నగా వేణువు పెట్టింది. నేను నోరు తెరిచాను. వేణువు తగ్గింది. ఊపిరి తీసుకోవడానికి ఆగాను. వేణువు లేచింది. మళ్లీ ఒక మాట అన్నాను, మళ్లీ తగ్గింది. శాంతి చేతులు కట్టుకుని నిలబడి ఉంది, పెట్టెను ముట్టుకోవడం లేదు.

"ఎవరు చేస్తాండారు తల్లీ ఇది?" అని మైకులోనే అడిగేశాను.

"ఎవ్వరూ లేదు మేడమ్. మీరు మాట్లాడ్తే పాట దానంతట అదే తగ్గుతాది. మీరు ఊరుకుంటే అదే లేస్తాది."

ఇక నాకు కథ మీద మనసు నిలవలేదు. "అ" అని ఆగాను. "ఆ" అని ఆగాను. దగ్గాను. దగ్గుకు కూడా తగ్గింది. పిల్లలు విరగబడి నవ్వారు. మంచి కథకు ఇచ్చిన సమయంలో సగం వేణువుతో దాగుడుమూతలకే పోయింది. తిరుగు ప్రయాణంలో నా కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు ఒళ్లో వాటంతట అవే ఏదో తిప్పుతున్నాయి. పక్క సీటులో ఉన్నావిడ చూసి, "ఏమక్కా, వేళ్లు తిమ్మిరెక్కినాయా?" అంది. కాదమ్మా, అవి ఒకప్పుడు చేసిన ఉద్యోగం గుర్తు చేసుకుంటున్నాయి అన్నాను. ఆమెకు అర్థం కాలేదు. పాపం, ఎలా అవుతుంది?

ఆ ఉద్యోగం మంగంపేటలో. మా నాయన గనిలో లారీ తోలేవాడు. అక్కడ భూమిలో దొరికేది ముగ్గురాయి. మా ఊళ్లో ఆడవాళ్లు ముగ్గు వేయనక్కర్లేదు, పోయే లారీ ప్రతిదీ వాకిట్లో చల్లే పోతుందని మా జేజి, అంటే నాయన వాళ్లమ్మ, విసుక్కునేది. ఉదయం ఉతికి ఆరేసిన చీర మధ్యాహ్నానికి బూడిద రంగుకు తిరిగేది. నీళ్ల బిందెకు మూత, పిండి డబ్బాకు మూత, గ్రంథానికి గుడ్డ సంచి. జేజి దేవుని వాక్యం చదవడానికి కూర్చునే ముందు సంచిని గుమ్మం బయటికి తీసుకుపోయి మూడుసార్లు దులిపేది. "దుమ్ము నుంచే పుట్టినాం, దుమ్ములోకే పోతాం, మధ్యలో కొన్నాళ్లయినా దుమ్ము లేకుండా ఉందామంటే ఈ లారీలు ఉండనీవు" అనేది. రోజూ భోజనాల వేళకు కాస్త ముందు గనిలో సైరన్ కూసేది. ఆ తర్వాత వంద అంకెలు లెక్కపెడితే దూరంగా నేల లోపలి నుంచి 'ధన్' అని పేలుడు. అటకమీది గిన్నెలు గలగలమనేవి. జేజి సంగటి తెడ్డు ఎత్తి, గిన్నెలు ఆగిన తర్వాత మళ్లీ కెలికేది. సంగటి వాసన, వేయించిన శనక్కాయల వాసన, ఆ గలగల, ఇవి కలిసే నాకు ఆకలి అయ్యేది. ఇప్పటికీ ఎక్కడైనా గిన్నెలు కదిలితే నోట్లో నీళ్లూరతాయి.

మా సంఘానికి అప్పటికి మందిరం లేదు. కాలనీ బడిలో నాలుగో తరగతి గదే మా మందిరం. ఆదివారం ఎక్కాల పటం పక్కకు తిప్పి ఆరాధన చేసేవాళ్లం. ఆ గదిలోనే అమ్మ సండేస్కూలు టీచరు. అమ్మ పేరు సంతోషమ్మ. ఆమె కథ చెబితే పిల్లలే కాదు, గోడ బయట బీడీ తాగుతున్న లారీ క్లీనర్లు కూడా బీడీ ఆర్పేసి వినేవారు. అలాంటి గొంతు నేను ఇంటరు రెండో సంవత్సరంలో ఉండగా పోయింది. గొంతులో గడ్డ వస్తే ఆపరేషన్ చేసి తీశారు. ప్రాణం నిలిచింది, దేవునికి స్తోత్రం, కానీ మాట గుసగుసగా మిగిలింది. వాము పొగ పట్టింది, కరక్కాయ బుగ్గన పెట్టుకుంది, మిరియాల కషాయం తాగింది. ఏమీ కాలేదు. ప్రార్థన చేసుకుంటుంటే పెదవులు మాత్రమే కదిలేవి. లేఖనాల్లో హన్నా కూడా అలాగే పెదవులు కదిలిస్తూ ప్రార్థిస్తే పెద్ద యాజకుడు ఆమె తాగి ఉందనుకున్నాడు. మా అమ్మను ఎవరూ అంత మాట అనలేదు గానీ, మా సంఘానికీ ఒక పెద్ద ఉన్నాడు.

ఆయన మా పెద్దనాయన, నాయనకు అన్న, జేజికి పెద్ద కొడుకు. ఇరవై ఏళ్లు గనిలో తూటాలు పేల్చిన మనిషి. గుండె వెన్న, గొంతు పిడుగు. పాస్టరయ్య ప్రార్థన ముగించక ముందే ఆయన "ఆమేన్" అనేవాడు. ఆ ఆమేన్‌కు చంటిపిల్లలు నిద్రలేచి ఏడ్చేవాళ్లు, గుమ్మంలోని కుక్క లేచి ఇంకో వీధికి పోయేది. తూటాలు ఆయన చెవుల్ని ఏం చేశాయో ఇంట్లో అందరికీ తెలుసు, ఆయనకు తప్ప. లోకమంతా ఈ మధ్య నోట్లో మాట నోట్లోనే పెట్టుకుని మాట్లాడుతోందని ఆయన నమ్మకం. అలాంటి ఆయన ఒక సాయంత్రం మా ఇంటికి వచ్చి, సంగటి తిని, చేయి కడుక్కుని, అమ్మ ముందు కూర్చున్నాడు.

"అమ్మా సంతోషమ్మా, నీ మీద కోపంతో చెప్పడం లేదు. మాట లేని టీచరు, నీళ్లు లేని బాయి ఒకటే. కోడూరు నుంచి ఇంకొక టీచరమ్మ వస్తానంటాండాది. నువ్వు విశ్రాంతి తీసుకో."

అమ్మ ఏదో అంది. ఆయన "ఆఁ?" అన్నాడు. మళ్లీ అంది. "ఆఁ?" అన్నాడు. "చూసినావా?" అని జేజి వైపు తిరిగాడు. జేజి తెడ్డుతోనే సమాధానం చెప్పేలా ఉంది. నేను మధ్యలో దూరి, "మైకు పెడతాం పెద్దనాయనా!" అని అరిచాను. అది వినపడింది. ఆయన మీసం నిమురుకుని ఆలోచించి తీర్పు చెప్పాడు. ఎండాకాలం సెలవుల్లో పది దినాల సండేస్కూలు ఉంది గదా, తొమ్మిది దినాలు అమ్మ ఇష్టం. పదో దినం తాను వెనక గోడ దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుంటాడు. "ఆడ నాకు వినపడిందా, నీ క్లాసు నీదే. వినపళ్లేదా, కోడూరు టీచరమ్మది." ఆయన వెళ్లిన తర్వాత అమ్మ చాలాసేపు చేటలో శనక్కాయలు ఏరుతూ కూర్చుంది. మంచివాటినీ చెడ్డవాటినీ ఒకే గిన్నెలో వేస్తోందని చూసి, జేజి వాటిని తన కొంగులో పోసుకుని మళ్లీ ఏరింది.

మైకు పెట్టె మస్తానన్న దగ్గర దొరికింది. మస్తానన్న కోడూరులో మైకుసెట్ల దుకాణం పెట్టుకుని పెండ్లిళ్లకూ, పీర్ల పండగకూ, జాతర్లకూ తిరిగేవాడు. మా సంఘం ఆడవాళ్లంతా కలిసి ఒక పాత పెట్టె ఆయన దగ్గర కొన్నారు. ఇచ్చేశాడే గానీ, అత్తారింటికి పంపిన కూతుర్ని చూడవచ్చినట్టు రెండు రోజులకోసారి దాన్ని చూడడానికి వచ్చేవాడు. ఆ పెట్టెకు తిప్పే మరలు మూడు. వాటి కింది అక్షరాలు ఎవరి చేతుల చెమటకో అరిగిపోతే, ఆయనే కాగితం ముక్కలు అంటించి రాశాడు: మైకు, టేపు, మేన్. మైకు మరతో అమ్మ మాట పెరుగుతుంది, టేపు మరతో వెనక వచ్చే సంగీతం పెరుగుతుంది, మేన్‌తో, అంటే మెయిన్ మరతో, రెండూ కలిసి పెరుగుతాయి. వేడెక్కితే ఆ పెట్టె నుంచి కాలిన దుమ్ము, పాత అత్తరు కలిసిన వాసన వచ్చేది.

"చూడు పాపా," అని మస్తానన్న నన్ను ముందు కూర్చోబెట్టి నేర్పాడు. "మాట పెండ్లికూతురు, పాట తోడుపెండ్లికూతురు. పెండ్లికూతురు నడస్తాంటే తోడుపెండ్లికూతురు ఒక అడుగు వెనకుండాల. పెండ్లికూతురు సిగ్గుతో ఆగిపోతే, అప్పుడు ఈమె ముందుకొచ్చి నలుగురినీ నవ్వించాల. ఈమే ముందు నడిస్తే, పెండ్లికొడుకు ఎవురి మెళ్లో కట్టాలో తెలీక తన్నులాట."

"మరి మేన్ ఎవరన్నా?"

"మేన్ పెండ్లికూతురి తండ్రి. ఆయన గొంతు పెరిగిందంటే పందిరంతా గోల."

వెనక వేయడానికి సంగీతం కావాలి. మస్తానన్న టేపులన్నీ పెండ్లి బ్యాండువి. అమ్మకు గొంతు పోయినా వేళ్లున్నాయి, హార్మోనియం ఉంది. ఇంట్లో రోడ్డుకు దూరంగా ఉన్నది వంటగది కాబట్టి, పొయ్యి పక్కనే కూర్చుని ఒక టేపు నిండా వాయించింది. నేను రికార్డు చేశాను. ఎవరూ మాట్లాడకూడదని జేజికి ముందే చెప్పాం. ఆమె పెదవుల మీద వేలు కూడా పెట్టుకుంది. కానీ సగం టేపులో, ప్రార్థనలాగా సాగుతున్న రాగం మధ్యలో, "ఉప్పు యాడ పెట్టినావే?" అని స్పష్టంగా వినిపిస్తుంది. ఇంకో టేపు లేదు. అందుకని ఆ చోటు రాగానే టేపు మర గబుక్కున తగ్గించి, జేజిని దాటించి, మళ్లీ పెంచడం నేర్చుకున్నాను. తొమ్మిది దినాలు జేజి ఎవరికీ వినపడలేదు.

ఆ తొమ్మిది దినాల గొప్ప గురించి చెబితే అతిశయం అంటారు. మనం అతిశయించాల్సింది ప్రభువునందే గదా, అందుకని క్లుప్తంగా చెబుతాను. గుసగుసకు మైకు తోడైతే, గుసగుస పక్కన కూర్చుని చెవిలో చెప్పినట్టయింది. అరవై మంది పిలకాయలకు ఒక్కొక్కరికీ అమ్మ తనకొక్కడికే చెబుతోందనిపించింది. పైగా అమ్మ ఒక తెలివైన పని చేసింది. పదో దినానికి యెరికో గోడల కథ పెట్టుకుంది. జనం దినానికొకసారి పట్టణం చుట్టూ తిరగడం, ఏడో దినం కేక వేయడం, గోడ కూలడం. రోజూ సైరన్ ఎప్పుడు కూస్తుందో చూసి, ఎంతసేపటికి ఏడో దినం రావాలో నోట్లో చెప్పుకుని చూసుకుంది. గోడ కూలే మాట దగ్గర గనిలో పేలుడు పడాలని లెక్క. దేవుడిచ్చిన గనిని కథకు వాడుకుంటే తప్పేముంది?

పదో దినం తల్లిదండ్రులు కూడా వచ్చారు. గది నిండిపోయింది. పెద్దనాయన వెనక గోడకు ఆనించి కుర్చీ వేసుకుని, తెల్ల పంచె సర్దుకుని కూర్చున్నాడు. ఆయన చెవికి చేరాలని నేను మేన్ బాగా పెంచాను. అది నా తప్పు. అమ్మ కళ్లు మూసుకుని చిన్న ప్రార్థన చేసింది. పెద్దనాయనకు ఏం వినపడిందో గానీ తలలు లేస్తుండడం చూసి "ఆమేన్!" అన్నాడు. ఆ ఆమేన్ గోడకు తగిలి వచ్చి మైకులో పడింది. పెట్టె దాన్ని పట్టుకుని స్పీకర్లలో పోసింది, స్పీకరు మళ్లీ మైకులో పోసింది. 'కీఁ' అని కూత. పిల్లలు చెవులు మూసుకున్నారు. పెట్టెను చూడవచ్చి గుమ్మంలో నిలబడ్డ మస్తానన్న, పెండ్లి పందిట్లో ఈ చివర నుంచి ఆ చివరికి వంటవాళ్లను పిలిచే గొంతుతో అరిచాడు.

"ఆ మేన్ తగ్గించు పాపా! ఆ మేన్ తగ్గించు!"

ఏదీ వినపడని పెద్దనాయనకు అది మాత్రం వినపడింది. లేచి నిలబడ్డాడు.

"ఎవుర్రా ఆమేన్ తగ్గించమనేది?"

"నేనే పెద్దాయనా. శానా ఎక్కువైంది గదా, దానికే కూస్తాండాది."

"నాది కూతనా?"

"మీది కాదు సామీ, పెట్టెది. మేన్ తగ్గిస్తేనే అక్క మాట పైకొస్తాది. మీరు కూసోండి."

"మా నాయన కాలం నుంచి ఇంతే ఉండాది! ఇసుమంత కూడా తగ్గించేదే లేదు!"

"మీ నాయన కాలంలో ఇది యాడుండాది పెద్దాయనా? నేను తెచ్చిచ్చిందే మొన్న గదా!"

"ఆమేన్‌ను మస్తాను తెచ్చిచ్చినాడంట!" అని కిటికీ దగ్గర ఒకావిడ బుగ్గలు నొక్కుకుంది. మస్తానన్నకు ఎందుకు ఇంత రభసో అర్థం కాలేదు. పెద్దనాయనకు అవమానంతో చెవులు ఎర్రబడ్డాయి. నేను భయంతో మేన్‌ను పూర్తిగా తిప్పేశాను. కూత ఆగింది, దాంతో అమ్మ మాట కూడా ఆగింది. అమ్మ పెదవులు కదులుతున్నాయి, ఒక్క అక్షరం బయటికి రావడం లేదు. వెనక గోడ దగ్గర పరీక్ష పెట్టిన మనిషి నిలబడి చూస్తున్నాడు.

అమ్మ మైకు నాకిచ్చి, సుద్దముక్క తీసుకుని, నల్లబల్ల మీద పెద్ద అక్షరాలతో రాసింది. 'మేన్ – పెట్టెది.' దాని కింద, 'ఆమేన్ – మనది.' బల్ల మీద ఏది రాసినా గట్టిగా చదవడం పిలకాయల అలవాటు. "మేన్, పెట్టెది! ఆమేన్, మనది!" అని అరవై గొంతులు ఒక్కసారి చదివాయి. ముందు ఆడవాళ్లు నవ్వారు, తర్వాత అందరూ నవ్వారు. మస్తానన్న చెంపలు వేసుకుని, "అల్లా! నేనా మాట అంటానా పెద్దాయనా!" అన్నాడు. పెద్దనాయన బల్ల మీది అక్షరాలు రెండుసార్లు చదువుకున్నాడు. నవ్వలేదు. కూర్చున్నాడు. అది నాకు ఇంకా భయంగా అనిపించింది.

మేన్ సగానికి పెట్టాను. కథ మొదలైంది. మేన్ మీదే కన్ను పెట్టి టేపును మరిచానేమో, జనం మొదటి దినం పట్టణం చుట్టూ మౌనంగా తిరుగుతుంటే స్పీకర్లలో నుంచి జేజి, "ఉప్పు యాడ పెట్టినావే?" అంది. గది మళ్లీ గొల్లుమంది. ముందు వరసలో కూర్చున్న జేజి తన గొంతు తానే విని ఉలిక్కిపడి, "ఎవురే అది, నా మాదిరే అడుగుతాండాది?" అంది. రెండో దినం ముగిసింది. మూడో దినం జనం ఇంకా చెప్పులు వేసుకుంటున్నారు, సైరన్ కూసింది. ఆ గొడవలో సమయం పోయిందని మాకిద్దరికీ అప్పుడు తెలిసింది. పేలుడుకు మిగిలింది వంద అంకెలే. నేను అమ్మ వైపు చూశాను. 'ధన్' అంది గని.

"గోడ పడిపోయింది టీచర్!" అని పిలకాయలు అరిచారు.

అమ్మ తడుముకోలేదు. మైకులో గుసగుసగా, "ఇంకా నాలుగు దినాలుండాయి. పడిన గోడను లేపండి" అంది. పిలకాయలంతా చేతులెత్తి, వేళ్లు వేళ్లలో దూర్చి గోడ లేపారు. ఆ మాటకు నవ్వనివాళ్లు ఆ గదిలో లేరు. నాలుగు, అయిదు, ఆరు. టేపు తగ్గించాను, పెంచాను. ఏడో దినం వచ్చింది. అమ్మ గుసగుస ఇంకా సన్నబడింది. జనం అలసిపోయారు, గోడ కదల్లేదు, ఇక ఒక్క కేక మిగిలింది అని చెబుతుంటే, ఒక ముసలామె నిజంగానే కళ్లు తుడుచుకుంది. కానీ కేకకు ఎవరున్నారు? గని తన పని ముగించేసింది. అమ్మకు గొంతు లేదు. అమ్మ సుద్దముక్కతో బల్ల మీది 'ఆమేన్' కింద గీత గీసి, చేయి చాచి వెనక గోడను చూపించింది. అరవై తలలు అటు తిరిగాయి. పెద్దనాయన బల్లను చూశాడు, పిల్లల్ని చూశాడు, లేచాడు.

"ఆమేన్!"

మైకు అవసరం పడలేదు. దూలాల మీద ఏళ్లుగా పేరుకున్న ముగ్గురాయి దుమ్ము మా అందరి తలల మీద రాలింది. పిలకాయల చేతుల గోడ మొత్తం కింద పడి దొర్లింది, కొందరు రెండోసారి కూడా పడ్డారు.

శాంతి బల్ల మీది పెట్టెకు ఇవన్నీ తెలుసా అంటే తెలియవు, తెలియాల్సిన అవసరమూ లేదు. అది నాకంటే నేర్పరి. నేను మాట్లాడితే దించుతుంది, ఆగితే లేపుతుంది, ఒక్కసారీ తప్పు చేయదు. నేను తప్పులు చేశాను. కానీ నేను దించినప్పుడల్లా ఎవరి కోసం దించుతున్నానో నాకు తెలుసు. అమ్మ ఊపిరి ఎక్కడ ఆగుతుందో, ఏ మాట ముందు ఆమె మింగుతుందో చూస్తూ చూస్తూ, ఆ పది దినాల్లో అమ్మను నేను అంతకుముందు పదిహేడేళ్లలో చూడనంతగా చూశాను. ఇప్పటి పిల్లలు ఆ పని యంత్రానికి అప్పగించి, తమ అమ్మల్ని వేరే ఏ పనిలో అంత దగ్గరగా చూస్తున్నారో నాకు తెలియదు. చూస్తూనే ఉంటారులే. ప్రతి కాలానికీ దేవుడు ఏదో ఒక మర ఇస్తాడు.

ఆఖరి పాట అయిన తర్వాత పెద్దనాయన లేచాడు. పోబోయేవాళ్లు కూడా ఆగారు. తీర్పు ఏమిటో అందరికీ తెలియాలి గదా.

"నేను చెప్పిన మాట నాకు గుర్తుండాది. ఈ గోడకాడ నాకు వినపడితే క్లాసు సంతోషమ్మదే అన్నా. దేవుని ముందర అబద్ధం చెప్పను. నాకు వినపళ్లేదు."

అమ్మ తల వంచుకుంది. జేజి కుర్చీలో నుంచి సగం లేచింది.

"కూసో అమ్మా, ఇంకా ఉండాది. నా ముందర పిలకాయ నవ్వినాడు. నా పక్కన ముసలామె ఏడ్చింది. నా కుర్చీ కాడికి అందరికీ వినపడింది, నాకు తప్ప. దేవుని చెవి మందం కాలేదని మీకు ఎన్నితూర్లు చదివి చెప్పినానో! మందమైంది నా చెవి. శానా దినాలయింది. నేనే ఒప్పుకోలా." అమ్మ వైపు తిరిగి, "క్లాసు నీదే సంతోషమ్మా. నేను కొత్తగా చేరతాండా" అన్నాడు.

కుర్చీ చంకన పెట్టుకుని, పిలకాయల మధ్య దారి చేసుకుంటూ ముందుకు వచ్చి, అమ్మ బల్లకు ఆనించి వేసుకుని కూర్చున్నాడు. "చెప్పమ్మా. మొదట్నుంచి చెప్పు" అన్నాడు.

అమ్మ మైకు బల్ల మీద పెట్టేసి, ఆయన చెవి దగ్గరికి వంగింది. ఈసారి మాకెవ్వరికీ ఒక్క ముక్క వినపడలేదు. మూడో దినం దగ్గర కాబోలు, పెద్దనాయన మాత్రం పకపకా నవ్వాడు.